రోడ్లు భవనాల శాఖ వారి సముద్రం

మోటర్‌హోమ్ తాళాలిచ్చే కుర్రాడు, వంటిల్లూ పడకలూ ఉన్న ఆ అద్దె బండి గురించి ముప్పావుగంట పాఠం చెప్పాడు. ఇది మంచినీళ్ళ ట్యాంకు, సింకులోంచీ షవర్‌లోంచీ పోయే నీళ్ళు పడేది గ్రే ట్యాంకు, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు, ప్రొపేన్ ఇక్కడ, కరెంటు కేబుల్ ఇక్కడ. మా ఆయన ఫోన్లో వీడియో తీసుకున్నాడు. అమ్మ లోపలికెళ్ళి పొయ్యి వెలుగుతుందో లేదో చూసుకుంది. నాన్న బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసొచ్చి ఒకటే అడిగారు.

"ఎత్తెంత?"

పదకొండున్నర అడుగులట. జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. రోడ్లు భవనాల శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి, కాకినాడలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. మేం జలపాతం చూపిస్తే ఆయన దాని కింద కల్వర్టు చూస్తారు.

డిసెంబర్లో సముద్రం ఒడ్డుకి ఎవరు పోతారని హిల్స్‌బరోలో మా తెలుగువాళ్ళంతా నవ్వారు. అమెరికా పడమటి అంచున ఉన్న ఈ ఒరెగాన్ తీరంలో వేసవిలోనే స్వెట్టర్ కావాలి, ఇక శీతాకాలం సంగతి చెప్పక్కర్లేదు. కానీ సంక్రాంతికి అమ్మానాన్నా ఊళ్ళో ఉండాలి, పిల్లకి బడి సెలవులు ఇప్పుడే, బండి అద్దె వేసవిలో సగం. పైగా చలికాలపు తుఫాన్లు చూడ్డానికే ఇక్కడివాళ్ళు కొందరు పనిగట్టుకుని వెళ్తారు. కాకినాడలో పుట్టినదాన్ని. తుఫానంటే కిటికీలు బిగించుకుని రేడియో వినడమే తెలుసు నాకు. దాన్ని చూడ్డానికి ఎదురెళ్ళడమేంటో చూద్దామనిపించింది.

మొదటి రోజు, డిసెంబర్ 26

మా ఊరి నుంచి తీరానికి దగ్గరి దారి హైవే 26. అది కోస్ట్ రేంజి కొండలెక్కి దిగుతుంది, పైన మంచు ఉండొచ్చు. పాతికడుగుల అద్దె బండిని మంచుమీద నడిపే ధైర్యం మా ఇద్దరికీ లేదు. కొలంబియా నది పక్కనుంచి హైవే 30 మీద ఆస్టోరియాకి చుట్టు తిరిగి వెళ్ళాం. మొదటి మలుపులోనే అలమరాల్లో గిన్నెలన్నీ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలెట్టాయి. అమ్మ వాటి మధ్య తువ్వాళ్ళు కుక్కి నోళ్ళు మూయించింది.

ఆస్టోరియా దగ్గర కొలంబియా సముద్రంలో కలుస్తుంది. అక్కడ నది మీద 1966లో కట్టిన వంతెన అవతల వాషింగ్టన్ రాష్ట్రంలో దిగుతుంది. పొడవు 4.1 మైళ్ళు. మాకు దాంతో పనిలేదు, మేం దక్షిణానికి పోవాలి. అయినా నాన్న కోసం నది ఒడ్డున ఆపాం. రాజమండ్రి రోడ్డు కం రైలు బ్రిడ్జి 1974లో వచ్చింది, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. "వీళ్ళది మైళ్ళు, మనది కిలోమీటర్లు. కానీ మనది రైలు కూడా మోస్తుంది" అని ఆయనే తీర్పు చెప్పేసుకుని బండెక్కారు.

ఆ రాత్రికి ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కు. చీకటి పడకముందే ఇసుకలో పాతుకుపోయిన పీటర్ ఇరడేల్ ఓడ చూద్దామని పరిగెత్తాం, నాలుగున్నర దాటితే వెలుతురుండదు కదా. 1906 అక్టోబర్లో ఇక్కడ ఒడ్డెక్కేసిన నాలుగు తెరచాప కొయ్యల ఉక్కు ఓడ అది. ఎవరూ చనిపోలేదు. ఇప్పుడు మిగిలింది తుప్పు పట్టిన పక్కటెముకలు. మా చిన్నది వాటి మధ్యనుంచి తాతయ్యని ఫోటో తీసింది. తాతయ్య వేలితో తుప్పు గీకి చూసుకుంటున్నారు.

తిరిగొస్తుంటే నీలం రంగు బోర్డు కనిపించింది. కొండెక్కుతున్న మనిషి బొమ్మ, వెనక లేచిన అల. సునామీ వస్తే ఇటు పొమ్మని. ఈ తీరమంతా ఆ బోర్డులే. నాన్న దాని ముందు ఆగిపోయారు.

"ఇవాళ తారీఖెంతమ్మా?"

ఇరవయ్యారు. 2004లో అది ఆదివారం, మార్గశిర పౌర్ణమి. స్నానాలకి జనం సముద్రంలో ఉన్నారు ఆ పొద్దున్న. మధ్యాహ్నానికి నాన్నని తీరం రోడ్డు చూసి రమ్మని పంపారు. చూసొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదని నాకు గుర్తు. ఏం చూశారో అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ అలాంటిదే 1700 జనవరి 26 రాత్రి వచ్చింది. సముద్రగర్భంలో భూమి పలక జారి తీరం మీటర్ల లెక్కన కుంగిపోయింది. ఆ తేదీ ఈ ఒడ్డున ఎవరూ రాసిపెట్టలేదు. భూకంపం లేకుండా ఉప్పెనొచ్చిందని జపాన్‌లో రాసుకున్న లెక్కల్లోంచి వెనక్కి గుణించి కనిపెట్టారు. చెబితే నాన్న డైరీ ఉన్న జేబు తడుముకున్నారు. "రాసి పెట్టుకోవాలమ్మా, అందుకే."

రాత్రి చారు. అమ్మ పోపు వేసిందో లేదో పొగ అలారం కూత పెట్టింది. మా ఆయన తలుపు తీశాడు, నేను కిటికీ తీశాను, చిన్నది డ్రాయింగు పుస్తకంతో విసిరింది. పక్క సైటు పెద్దాయన టార్చిలైటు వేసుకుని వచ్చి, "అంతా క్షేమమేనా?" అనడిగాడు. ఆవాలూ ఎండుమిరపకాయలూ అని వివరించేసరికి నా ఇంగ్లీషు సరిపోలేదు. ఆ మర్నాటి నుంచి పోపు బయట, బల్ల మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టి. వానలో అమ్మ మూకుడు పట్టుకుంటే నాన్న గొడుగు పట్టుకునేవారు.

రెండో రోజు, డిసెంబర్ 27

పొద్దున్న ఫోర్ట్ క్లాట్సప్. ఖండం ఇటు చివరిదాకా నడిచొచ్చిన లూయిస్, క్లార్క్ బృందం 1805-06 చలికాలం గడిపిన దుంగల కోట. ఇప్పుడున్నది నమూనాగా మళ్ళీ కట్టింది. నూటారు రోజులుంటే పన్నెండు రోజులు మాత్రం వాన పడలేదట. మేమున్న గంటలో రెండు వానలు చూశాం కాబట్టి నమ్మాను. మాంసం కుళ్ళిపోతోంది, ఉప్పు కావాలి. ఉప్పు కోసం మనుషుల్ని తీరానికి పంపి, రాళ్ళ పొయ్యి మీద రాత్రీ పగలూ సముద్రపు నీళ్ళు కాచించారు. నాన్నకి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. "ఉప్పు కోసం కట్టెలు తగలేశారా?" మన మడుల్లో ఎండ ఉచితంగా చేసిపెట్టే పని. ఎండ కూడా ఒక ఆస్తని ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. టోపీ కిందకి లాక్కున్నారు.

అమ్మకి నచ్చింది సకజవియా కథ. బృందంతో వీపున చంటిపిల్లాణ్ణి మోసుకుంటూ వచ్చిన షొషోనీ ఆదివాసి అమ్మాయి. జనవరిలో ఒడ్డుకి తిమింగలం కొట్టుకొచ్చిందని తెలిసి కొవ్వు కొనుక్కురావడానికి క్లార్క్ బయల్దేరుతుంటే, నేనూ వస్తానని ఆమె పట్టుబట్టింది. ఇంత దూరం నడిచొచ్చి మహాసముద్రం చూడకుండా, అంత పెద్ద చేపని చూడకుండా ఉండటం అన్యాయమంది. తీసుకెళ్ళక తప్పలేదు. "మరి? నడిచిందెవరు?" అంది అమ్మ. మూడు నెలల్నుంచి ఆవిడా మా ఇంటి వంటగదీ తప్ప అమెరికాలో పెద్దగా ఏమీ చూళ్ళేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఏమీ అనకుండా బండి స్టార్ట్ చేశాను.

కానన్ బీచిలో హేస్టాక్ రాక్ 235 అడుగుల గడ్డివామి. ఫోటోల్లో ఎలా ఉందో అలాగే ఉంది, మాకు బండి పెట్టుకునే చోటు వెతకడానికే సగం సరదా పోయింది. దానికన్నా ఐదు మైళ్ళ దిగువన ఉన్న హగ్ పాయింట్ గురించి చెప్పాలి.

చిన్న పార్కింగు. వేసవిలో మా బండి అందులో తిరగబడేది కాదు. ఆ రోజు మూడు కార్లే ఉన్నాయి. మూడున్నరకల్లా ఆటుకి నీళ్ళు బాగా వెనక్కి తగ్గాయి. ఇసుక మీద ఉత్తరానికి నడిస్తే ఒక రాతి కొమ్ము సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంది. ఆ కొమ్ము చుట్టూ రాతిని తొలిచి ఒక సన్నటి దారి, పైనంతా నాచూ నత్తలూ. చూస్తే రోడ్డు. సముద్రంలో రోడ్డు!

హైవే 101 రాకముందు ఈ తీరంలో వేరే రోడ్డు లేదు. బీచే రోడ్డు. తపాలా బండ్లూ గుర్రపు బళ్ళూ, తర్వాత కార్లూ ఆటు వేళ చూసుకుని తడి ఇసుక మీద పరిగెత్తేవి. ఇక్కడ ఆ రాతికొమ్ము అడ్డం కాబట్టి దాన్ని వాటేసుకుని పోవాలి, అందుకే ఆ పేరు. ఎప్పుడు పోటొచ్చి చక్రాలు మునుగుతాయో బండి తోలేవాడికి తెలియాలి.

అసలు గమ్మత్తు దీని వెనకున్న చట్టంలో ఉంది. ఒడ్డు స్థలాలు ఒక్కొక్కటీ ప్రైవేటు చేతుల్లోకి పోతున్న రోజుల్లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ 1913లో ఒక ఉపాయం పన్నాడు. బీచిని కాపాడాలంటే శాసనసభ ఒప్పుకోదు. అందుకని తడి ఇసుక మొత్తాన్నీ ప్రజా రహదారిగా ప్రకటింపజేశాడు. రోడ్డంటే ఎవరు కాదంటారు? అలా వాషింగ్టన్ సరిహద్దు నుంచి కాలిఫోర్నియా సరిహద్దు దాకా తీరం ప్రజలదైపోయింది. 1967లో ఇంకో చట్టంతో పొడి ఇసుక మీద కూడా, గడ్డి మొలిచే గీత దాకా, జనానికి హక్కు వచ్చింది. ఈ రోజుకీ ఒరెగాన్‌లో ఏ హోటలూ బీచికి కంచె వేసుకోలేదు.

నాన్న ఆ రాతిదారి మీద నిలబడి వెడల్పు అడుగులతో కొలిచారు. మొహం వెలిగిపోతోంది. "అయితే ఈ సముద్రం ఆర్ అండ్ బీ వాళ్ళదన్నమాట."

కాకినాడ నుంచి ఉప్పాడ పోయే బీచి రోడ్డు ఆయన సర్వీసులో ఒక వ్రణం. ప్రతి తుఫానుకీ సముద్రం కొరుక్కుపోతుంది, రాళ్ళు పోస్తారు, మళ్ళీ పోతుంది. ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో జియోట్యూబు గోడ వేశారు, అదీ చూసింది సముద్రం. ఎన్ని ఎస్టిమేట్లు రాశారో లెక్కలేదు. "ఇక్కడ తెలివైనవాళ్ళు. సముద్రం ఎలాగూ తినేస్తుందని దాన్నే రోడ్డనేశారు" అన్నారు. ఇంతలో ఒక అల ఎక్కువ వచ్చి మోకాళ్ళ దాకా తడిపింది. నాన్న సిమెంటు లారీని చూసినట్టు సముద్రాన్ని చూసి పక్కకి తప్పుకున్నారు.

అదే మేం చేసిన తప్పు. తడిసిన బట్టలు మార్చుకునేసరికి చీకటి. ఆర్చ్ కేప్ సొరంగం ముందు నాన్న డైరీ చూసి "పోతుంది, పోనివ్వండి అల్లుడు గారూ" అన్నారు. ఆ తర్వాత నీకానీ కొండ చుట్టూ తిరిగే రోడ్డు. ఈ తీరం మొత్తంలో అందమైన మలుపులివేనని అందరూ చెబుతారు. మాకు కనిపించినవి హెడ్‌లైట్లూ, వానా, తెల్ల గీతా. ఎడంపక్క కొండ, కుడిపక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది కిందెక్కడో మోగుతోంది. బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటి బండ్లు ఆగే ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో కేబుల్ తగిలించి పెరుగన్నం తిని పడుకున్నాం.

మూడో రోజు, డిసెంబర్ 28

టిల్లమూక్‌లో చీజ్ ఫ్యాక్టరీ. అద్దాల్లోంచి పసుపుపచ్చ దిమ్మలు కదిలిపోతుంటే అమ్మ పది నిమిషాలు చూసి, ఇంత పాలుంటే పెరుగు తోడు పెట్టుకోక అంది. ఐస్‌క్రీం మాత్రం రెండోసారి అడిగింది, బయట ఆరు డిగ్రీలు.

ఒరెగాన్ బంకుల గురించి ఒక మాట. దశాబ్దాలపాటు ఇక్కడ మన పెట్రోలు మనం పోసుకుంటే నేరం, మనిషొచ్చి పోయాల్సిందే. 2023లో చట్టం మార్చారు, ఇప్పుడు ఇష్టమైతే మనమే పోసుకోవచ్చు. టిల్లమూక్‌లో ముసలాయనొకడు వానలో వచ్చి పోశాడు. నాన్నకి ప్రాణం లేచొచ్చింది, అమెరికాలో మొదటిసారి బంకు బంకులా ఉందన్నారు. సగం టాంకే పోయించాం, ముందు ఊళ్ళో చవగ్గా ఉండొచ్చని మా ఆయన లెక్క. ఈ లెక్క గుర్తుంచుకోండి.

నెస్కోవిన్‌లో ఆగింది చెట్ల మోళ్ళ కోసం. సముద్రపు ఇసుకలో నిలబడి ఉన్న సిట్కా స్ప్రూస్ మోళ్ళు, వయసు దాదాపు రెండు వేల ఏళ్ళు. చలికాలపు అలలు ఇసుకని లాక్కుపోతాయి కాబట్టి ఈ కాలంలోనే ఇవి ఎక్కువ బయటపడతాయి. మేం వెళ్ళేసరికి ఆటు పూర్తవలేదు, కొన్నే కనిపించాయి. నురగలో నడుందాకా మునిగి, నీళ్ళలో దిగిన మనుషుల్లా. చిన్నది దగ్గరికెళ్ళనంది. నేనూ బలవంతం చెయ్యలేదు.

రాత్రికి న్యూపోర్టు దాటి సౌత్ బీచ్ స్టేట్ పార్కు చేరాం. యాక్వినా బే వంతెన మీద గాలి బండిని పక్కకి నెడుతుంటే మా ఆయన స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. నాన్న మాత్రం తల కిటికీకి ఆనించి పైన వంపుల్ని చూస్తున్నారు.

నాలుగో రోజు, డిసెంబర్ 29

అనుకున్నది ఇదే, తుఫాను. వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. గాలి విసుర్లు గంటకి అరవై మైళ్ళు దాటొచ్చని, బీచికి దూరంగా ఉండమని. పాతికడుగుల పొడవూ పదకొండున్నర అడుగుల ఎత్తూ ఉన్న డబ్బా అలాంటి గాలికి తెరచాపే. కదలకూడదని నిర్ణయించుకున్నాం. షోర్ పైన్ చెట్లు మా సైటు చుట్టూ గోడలా ఉన్నాయి. అయినా బండి ఊగుతోంది. రైలు పెట్టెలా కాదు, ఉయ్యాలలా.

పదకొండింటికి కరెంటు పోయింది. ఇక్కడినుంచి మా తెలివితేటల కథ.

బండిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ ప్రొపేన్ గ్యాసు మీద మండుతుంది, కానీ వేడిని ఊదే ఫ్యాన్ నడిచేది బ్యాటరీ మీద. బ్యాటరీ నింపాలంటే జనరేటర్ వెయ్యాలి. జనరేటర్ మా పెట్రోలు టాంకులోంచే తాగుతుంది, అదీ పావు టాంకు కిందకి పోతే దానంతట అదే ఆగిపోతుంది, మనం దారిలో ఇరుక్కోకుండా. మాకు సరిగ్గా పావు కన్నా కొంచెం తక్కువుంది. లింకన్ సిటీలో ధర చూసి ముక్కు విరిచి వచ్చేశాం కదా.

నాన్న లెక్క వేశారు. పగలు ఫర్నేస్ వద్దు, రాత్రికి దాచుకుందాం. ఐదుగురం దుప్పట్లు కప్పుకుని ఒకే బల్ల చుట్టూ కూచున్నాం. అద్దాల మీద మా ఊపిరే నీళ్ళై కారుతోంది. అమ్మ రెండు గంటలకోసారి తువ్వాలుతో తుడిచి దాన్ని పిండేది. పిండినవన్నీ మేం వదిలిన మాటలే అంది ఒకసారి.

ఆ సైటులో నీళ్ళూ కరెంటూ ఉంటాయి గానీ మురుగు గొట్టం ఉండదు. వెళ్ళేటప్పుడు డంపు స్టేషన్లో ఖాళీ చేసుకోవాలి. మీటరు చూస్తే గ్రే ట్యాంకు మూడోవంతే నిండిందంటోంది, మొదటి రోజునుంచీ అదే మాట. అమ్మకి గిన్నె కడగడమంటే కాకినాడలో కొళాయి వదిలినట్టే. మధ్యాహ్నం భోజనాల తర్వాత చిన్నది షవర్ తలుపు తీసి "అమ్మమ్మా, సాంబారు వస్తోంది" అంది. నిజమే. గ్రే ట్యాంకు నిండిపోయి, కడిగిన నీళ్ళన్నీ షవర్ అడుగున తేలుతున్నాయి, కరివేపాకుతో సహా. మీటరు ఇంకా మూడోవంతే చూపిస్తోంది.

వానకోటు వేసుకుని మా ఆయన బకెట్లతో మోశాడు, మరుగుదొడ్డి గదిలో పోసే తొట్టి దాకా, మొత్తం తొమ్మిది సార్లు. అమ్మ అన్నాళ్ళూ ఆయన్ని అల్లుడుగారని మర్యాదగా చూసేది, ఆ సాయంత్రం నుంచి "నాన్నా, నువ్వు కూచో" అనడం మొదలుపెట్టింది.

గాలి కాస్త తెరిపిచ్చాక నాన్న వంతెన చూడాలన్నారు. వానకోట్లతో బే ఒడ్డుకి నడుచుకుంటూ వెళ్ళాం, ఆయనా నేనూ. పగటి వెలుగులో మొదటిసారి చూశాం. మధ్యలో ఆరువందల అడుగుల ఉక్కు వంపు, అటూ ఇటూ వంపుల వరస. కాండీ మెకల్లా అనే ఇంజనీరు ఈ తీరంలో ఐదు పెద్ద వంతెనలు ఒకేసారి లేపాడు, 1936లో. అంతకుముందు ఆ ఐదు చోట్లా కార్లు పడవెక్కి దాటేవి. మహామాంద్యపు రోజులు, పనులకి ప్రభుత్వం డబ్బిచ్చింది.

"ఉప్పు గాలికి ఎనభై తొంభై ఏళ్ళు ఎలా నిలిచింది?" నాన్న ప్రశ్న అదొక్కటే. అన్నీ నిలవలేదు. వాటిలో వాల్డ్‌పోర్టు వంతెనకి లోపలి కడ్డీలు తుప్పుపట్టి కాంక్రీటు పగిలింది, 1991లో కొత్తది కట్టి పాతది పడగొట్టారు. మిగతావాటికి కాంక్రీటు పైన జింకు పొర చల్లి సన్నగా కరెంటు పంపిస్తున్నారు. తుప్పు కడ్డీని వదిలేసి జింకుని తింటుంది. ఫోన్లో చూసి నేను చదువుతుంటే ఆయన వానలో ఆగి రెండోసారి చదవమన్నారు. తుప్పుకి మేత వేసి పెంచుతున్నారన్నమాట. డైరీ తడిసిపోతుందని అరిచేతి మీద రాసుకున్నారు.

రాత్రి పోపులేదు. పెరుగన్నం, ఆవకాయ. మూడింటికి ఫర్నేస్ ఆగిపోయింది, ఆ వెంటనే బ్యాటరీ అయిపోతోందని గ్యాసు అలారం నిమిషానికోసారి కీచుమంటూ తెల్లారేదాకా మమ్మల్ని కాపలా కాసింది. తుఫాను ఎలా ఉందంటే ఏం చెప్పను. కాకినాడలో ఎలా ఉంటుందో అలాగే ఉంది. బిగించుకోవడానికి కిటికీలు చిన్నవి, అంతే తేడా.

ఐదో రోజు, డిసెంబర్ 30

ఆరింటికి కరెంటొచ్చింది. ముందు డంపు స్టేషను, తర్వాత నిండా పెట్రోలు, ధర చూడకుండా.

యాహాట్స్ దాటాక కేప్ పర్పెచువా. నల్లటి లావా రాళ్ళ ఒడ్డు. మధ్యాహ్నపు పోటుకి సరిగ్గా చేరాం, పైగా నిన్నటి తుఫాను సముద్రంలోంచి ఇంకా దిగలేదు. థార్స్ వెల్ అనే రాతి గుంట ఉంది, కింద గుహలోంచి నీళ్ళు ఎగదన్ని చిమ్మి, మళ్ళీ సుడి తిరుగుతూ అందులోకే కారిపోతాయి. దాని అంచున నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళని చూసి నాకు కాళ్ళు వణికాయి. మేం పైన కాలిబాట మీదే ఉండిపోయాం. ఈ తీరంలో ప్రతి మెట్ల దగ్గరా ఒకటే హెచ్చరిక, సముద్రానికి వీపు పెట్టకండని. ఇరవై నిమిషాలు ఊరుకుని ఒక్క పెద్ద అల రెట్టింపు దూరం వచ్చి మనిషిని లాక్కుపోతుంది. నాన్న అది చదివి ఉప్పాడ పల్లెకారులూ ఇదే మాటంటారన్నారు.

డిసెంబర్ చివరి వారం గ్రే తిమింగలాలు అలాస్కా వైపు చల్లటి నీళ్ళు వదిలి మెక్సికో బాహా మడుగుల్లో పిల్లల్ని కనడానికి ఒడ్డు పక్కనుంచే దిగిపోతాయి. పోనూ రానూ పదివేల మైళ్ళ పైనే ప్రయాణం. వాటిని చూపించడానికి వాలంటీర్లు బైనాక్యులర్లతో సిద్ధంగా ఉంటారు. మేం గంట నిలబడ్డాం. అంతా తెల్ల నురగే, అందులో తిమింగలం ఊపిరిని ఎక్కడ పట్టుకుంటాం. చిన్నది అలిగి బండెక్కేసింది. వాలంటీరు పెద్దావిడ కూడా ఈ పూట కష్టమేనంది.

అప్పుడు అమ్మ "అదిగో" అంది. మేం తిరిగేసరికి ఏమీ లేదు. నడుం కనిపించింది, ఎనుగొడ్డు చెరువులో మునిగినట్టు మునిగిందంది. ఎవరూ నమ్మలేదు. నాన్న అసలే నమ్మలేదు. వాలంటీరు ఎటు చూశావని అడిగి, అమ్మ చెయ్యి చూపిస్తే, మారు మాట్లాడకుండా తన బోర్డు మీద ఒక గీత గీసింది. ఆ గీత కింద అమ్మ ఫోటో తీయించుకుంది. నడిచిందెవరు మరి!

హెసెటా లైట్‌హౌస్ 1894ది, కొండకొమ్మున తెల్లగా ఉంది. నాన్నకి దాని పక్కనున్న కేప్ క్రీక్ వంతెన నచ్చింది. అదీ మెకల్లాదే, 1932ది, రెండంతస్తుల వంపులతో పాతకాలపు రోమన్ నీళ్ళ కాలవలా ఉంటుంది. జింకు వైద్యం ముందు దీనికే చేశారు. కిందికి దిగి స్తంభం మీద చెయ్యి పెట్టి చూశారు, ఆవు వీపు నిమిరినట్టు.

సాయంత్రం ఫ్లోరెన్స్. ఇక్కడ పేలిన తిమింగలం పేరున ఒక పార్కుంది. నిజంగానే ఆ పేరే, ఊరివాళ్ళు ఓటేసి పెట్టుకున్నారు.

1970 నవంబర్లో నలభై ఐదు అడుగుల చచ్చిన తిమింగలం ఇక్కడి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. కుళ్ళి కంపు. ఎవరు తీయాలి? బీచిలు అప్పట్లో హైవే శాఖ కిందే ఉండేవి. అక్కడ అడ్డం పడ్డదాన్ని తీయడం ఆ శాఖ పని. వాళ్ళకి తెలిసిన విద్య ఒకటే, రోడ్డుకి అడ్డమొచ్చిన బండరాయిని ఏం చేస్తామో దీన్నీ అదే చేద్దామనుకున్నారు. అరటన్ను డైనమైటు పెట్టారు. ముక్కలు ముక్కలై సముద్రంలో పడితే సీగల్ పక్షులు తింటాయని అంచనా. జనం చూడ్డానికొచ్చారు, టీవీ వాళ్ళొచ్చారు. పేలింది. ముక్కలు సముద్రం వైపు కాదు, జనం వైపు వచ్చాయి. పావు మైలు అవతల నిలబెట్టిన కారు పైకప్పుని ఒక ముక్క నుగ్గు చేసింది. తిమింగలం మటుకు చాలావరకు ఉన్నచోటే ఉంది. శబ్దానికి పక్షులు పారిపోయాయి.

చెప్పడం పూర్తయ్యేసరికి నాన్న బెంచీ మీద కూచుండిపోయారు. నవ్వుతున్నారు, శబ్దం రావట్లేదు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నారు. నేనాయన్ని అలా చూసి ఎన్నేళ్ళయిందో. కాసేపటికి తేరుకుని అన్నారు.

"మన దగ్గరైతే ముందు టెండర్ పిలిచేవాళ్ళం. అది ఖరారయ్యేలోపల చేపే అరిగిపోయేది."

మళ్ళీ నవ్వు. అమ్మ భయపడి మంచినీళ్ళు తెచ్చింది. చీకటి పడ్డాక హనీమన్ పార్కుకి వెళ్ళేదాకా ఆయనే ఉండుండి "డైనమైటు ఎక్కువైంది" అనో "తక్కువైంది" అనో ఒక్కో మాట అంటూనే ఉన్నారు.

ఆరో రోజు, డిసెంబర్ 31

తెల్లవారి ఇసుక దిబ్బలెక్కాం. పైకి చేరాక మొదటిసారి ఎండ వచ్చింది, సరిగ్గా పావుగంట. అమ్మ జుట్టు విప్పి ఆరబెట్టుకుంది.

హైవే 126 మీద యూజీన్, అక్కణ్ణుంచి ఐ-5 మీద ఇల్లు. చెప్పడానికేం లేదు. నాన్న దారిపొడుగునా నిద్రపోయారు, వంతెనలొచ్చినప్పుడు కూడా.

బండి అప్పగించేటప్పుడు కుర్రాడు తలుపు తీసి ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగాడు. లోపలికెళ్ళాడు, ముక్కు ఎగపీల్చాడు, ఇంకో మనిషిని పిలిచాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. వాసన పోయేదాకా బండి ఇంకొకరికివ్వలేం, ప్రత్యేకంగా శుభ్రం చేయించాలి, డెబ్భై ఐదు డాలర్లన్నారు. గ్రే ట్యాంకు మీటరు సంగతి నేనెత్తితే అది తమకి తెలుసన్నారు. మా ఆయన వాదించబోయి, నీరసం వచ్చి కార్డిచ్చాడు.

"ఇంగువకి డబ్బు కట్టించుకున్నారా?" అంది అమ్మ. "మనూళ్ళో అయితే ఆ బండికి అద్దె ఎక్కువొచ్చును."

కారెక్కాక నాన్న డైరీ తీశారు. ఖర్చుల పేజీలో పెట్రోలు కింద, పార్కుల కింద, కుదురుగా రాసుకున్నారు: ఇంగువ, 75.